చివరి అంకె

ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది.

గురువారం మధ్యాహ్నం అలా మోగిందంటే, వెంకటనారాయణ భద్రాచలం క్షేమంగా చేరాడని. ఎత్తక్కర్లేదు. ఎత్తితే ఎస్టీడీ బిల్లు పడుతుందని ఇరవై ఏళ్ల కిందట పెట్టుకున్న పద్ధతి అది. చేతికి సెల్‌ఫోన్లు వచ్చినా మానలేదు. పాల్వంచ దాటితే అడవిలో సెల్లు పలకదంటాడాయన. దమయంతికి కూడా ఆ రెండు రింగులు వింటేగాని అన్నం సయించదు.

కానీ ఆ పొద్దున్నే, ఆయన బస్సెక్కిన గంటకి, ఫోను వాళ్లొచ్చి పాత వైరు తీసి కొత్తది లాగారు. నంబరు అదే. పెట్టె మాత్రం కొత్తది, దానికి చిన్న తెర కూడా ఉంది. ఆ తెర మీద 08742తో మొదలయ్యే నంబరు కనిపిస్తోంది.

దమయంతి కళ్లు నులుముకుంది. భద్రాచలమైతే కోడ్ చివర మూడుండాలి. రెండు ఉందంటే అది ఖమ్మం.

కోడ్‌ల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా! వయసులో ఉండగా సత్తుపల్లి బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్‌లో కూర్చున్న మనిషి. అంతకుముందు ఖమ్మం మాట్లాడాలంటే ట్రంక్‌కాల్ బుక్ చేసి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. తర్వాత ఊరికో కోడ్ వచ్చింది. ఖమ్మం పెరిగి పెరిగి నంబర్లు చాలకపోతే, ప్రతి నంబరు ముందూ రెండు అంకె తగిలించారు. కోడ్ మాత్రం కదల్లేదు.

వెంకటనారాయణ పరిచయమైంది కూడా ఆ బూత్‌లోనే. రోజూ వచ్చి భద్రాచలం కలపమనేవాడు. అద్దాల గదిలో రెండు ముక్కలు మాట్లాడి, బయట ఆమె ముందు గంటసేపు నిలబడేవాడు.

ఆయనకు బోరు మోటార్ల షాపులు రెండు. ఒకటి సత్తుపల్లిలో, ఒకటి భద్రాచలంలో. గురువారం వెళితే మళ్లీ సోమవారమే సత్తుపల్లిలో కనపడేది. భద్రాచలం షాపు మీది వాటాలో రాఘవమ్మ ఉంటుంది. అక్కడ ఆయన తిండీ తిప్పలూ ఆమె చూస్తుంది. దమయంతి ఆమెను అక్కా అని పిలుస్తుంది గాని, ఇద్దరి మధ్యా మాటలు తక్కువే.

దమయంతి తెర మీది నంబరుకే ఫోను చేసింది. ఎవరో ఆడపిల్ల ఎత్తింది.

"నారాయణగారున్నారామ్మా?"

"నాన్న స్నానం చేస్తున్నారండీ. ఎవరు?"

దమయంతి తన పేరు చెప్పలేదు. బూత్‌లో అలవాటైన గొంతు ఎక్కడికి పోతుంది!

"మోటారు సామాను వచ్చిందమ్మా. ఆటోలో పంపాలి, అడ్రసు చెప్పు."

పిల్ల సందుతో సహా చెప్పింది. దమయంతి ఫోను పెట్టి, వెంటనే భద్రాచలం కలిపింది.

"అక్కా, ఆయన అక్కడికొచ్చాడా?"

"ఇయ్యాల గురువారమేనాయె. రేపు గదా వచ్చేది? నీ కాడ్నే ఉన్నడనుకుంటున్న," అంది రాఘవమ్మ.

"పొద్దున్నే వెళ్లాడు. భద్రాచలమనే చెప్పాడు. ఖమ్మంలో ఎవత్తో ఉందక్కా. పిల్ల కూడా ఉంది. నాన్న అంటోంది."



"ఖమ్మం బస్టాండుకు రా. నేను బయల్దేరుతున్న. ఒక్కదానివే పోకు."

సాయంత్రానికి ఇద్దరూ ఒకే ఆటోలో ఉన్నారు. కాలనీ వెనక కాలనీ వస్తోంది.

"మొన్నటిదాకా ఇవన్నీ మిర్చి చేన్లే అమ్మా. ఇప్పుడంతా ఖమ్మమే," అన్నాడు ఆటో అతను.

దమయంతికి అవేవీ పట్టలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఇరవై ఏళ్లు ఆ రెండు రింగులు విని దేవుడికి దండం పెట్టుకుంది. ఆ రింగులతో తనను జోకొట్టాడన్నమాట!

"నేనేం తక్కువ చేశానక్కా?"

"తక్కువ చేసినోళ్లకు గాదు, ఊకున్నోళ్లకే గిట్లయితది," అంది రాఘవమ్మ. "ఏడ్వకు. ఏడ్చేదేదో వాని ముందట ఏడుద్దాం."

తలుపు తీసిన మనిషికి నలభై కూడా ఉండవు. మెడలో నల్లపూసలు, చేతులకు శనగపిండి. లోపల వెంకటనారాయణ లుంగీ కట్టుకుని, పకోడీల పళ్లెం ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కరొస్తే ఏదో కథ అల్లేవాడే. ఇద్దరినీ ఒకే గుమ్మంలో చూసేసరికి నోట్లో పకోడీ నోట్లోనే ఉండిపోయింది.

"భద్రాచలం ఇంత దగ్గరికెప్పుడొచ్చింది?" అడిగింది దమయంతి.

"అదీ... బస్సు తప్పి..."

రాఘవమ్మ అతని వంక చూడను కూడా చూడలేదు. ఆ ఇంటావిడనే అడిగింది.

"ఎన్నేండ్లయింది బిడ్డా, ఈయనతోటి?"

"పెళ్లయి పద్దెనిమిదేళ్లండి. వారమంతా క్యాంపులే, గురువారం ఒక్కరోజే ఇంట్లో ఉంటారు. ఇంతకీ మీరెవరండీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పెద్దమనుషులు కూర్చుని, వెంకటనారాయణ వారాన్ని మొదట తాళి కట్టించుకున్న రాఘవమ్మకు మూడు రోజులు, తర్వాత వచ్చిన దమయంతికి మూడు రోజులు అని పంచిన నాటి నుంచీ, మిగిలిన ఆ గురువారం అవతలిదానికే పోతోందనుకుని ఇద్దరూ పంటి బిగువున సర్దుకుపోతూ వచ్చారు.