అరువు గంట

"పొద్దున ఒక్క గంట ఆలస్యంగా వస్తాను సార్. ఎనిమిదికి బదులు తొమ్మిదికి."

మందుల ప్యాకింగ్ హాలు సూపర్‌వైజర్ తలెత్తాడు. మాస్కు, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిందొక ఆవిడ. యాభై ఏళ్లుంటాయి.

హాల్లో ఎనభై మంది ఆడవాళ్లు. అందరికీ మాస్కులే. రెండేళ్లయినా అతనికి ఒక్క మొహమూ సరిగ్గా తెలియదు. అతనికి వాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం హాలంతటికీ తెలుసు: రూళ్లకర్ర.

"ఎందుకు?"

"మా ఆయన మంచాన పడ్డారు సార్. చూసుకోడానికి మా ఆడపడుచు వస్తానంది. తను వచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది."

"ఇవాళ మీరు, రేపు ఇంకొకరు. చనువిస్తే చంకెక్కుతారు."

"వేళలు మార్చుకోవచ్చని కంపెనీ వాళ్లే చెప్పారు కదా సార్."

"సూపర్‌వైజర్ ఒప్పుకుంటే అని కూడా చెప్పారు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

"షిఫ్టు నాలుగింటికే అయిపోయినా, రోజూ ఐదు దాకా ఉంటున్నాను సార్."

"ఎవరుండమన్నారు? రూలు రూలే. వెళ్లండి."

ఆవిడ మాస్కు పెట్టుకుని వెనుదిరిగింది.

మర్నాడు పొద్దున్నే రాజీనామా కాగితం తెచ్చింది. పక్కన తన ఇత్తడి టోకెను పెట్టింది. అతను చదవకుండానే సంతకం గీకి, టోకెన్ని చూడకుండానే సొరుగులోకి తోసేశాడు.

పీడా పోయిందనుకున్నాడు.

నాలుగు కాగానే బండి తాళాలు తీసుకుని లేచాడు. రెండేళ్లుగా అతను వెళ్లేది ఆ వేళకే.

అతని కూతురికి ఎనిమిదేళ్లు. వినపడదు, మాట రాదు. తల్లి లేదు. బడి గేటు నాలుగున్నరకు మూసేస్తారు. నాన్న తప్ప ఇంకెవరు చెయ్యి పట్టుకున్నా ఆ పిల్ల కదలదు.

ఆ ఆఖరి గంటలో లారీకెక్కే పెట్టెలు తనిఖీ చేసి సంతకం పెట్టాలి. అతని బదులు అనుభవమున్న వాళ్లు ఎవరైనా చేయవచ్చు. షిఫ్టయ్యాక ఇంకొకరి కోసం గంట ఇవ్వగలిగినవాళ్లు తమ టోకెను నంబరు రాసి ఆఫీసులో చీటీ వేస్తారు. ఎవరి గంట ఎవరికి వెళ్లిందో గుమాస్తాకు తప్ప తెలియదు. పేర్లు తెలిస్తే మొహమాటాలు పెరుగుతాయని ఆ రూలు పెట్టింది ఈ రూళ్లకర్రే.

గుమాస్తా పుస్తకంలో రెండేళ్లుగా అతని గంటకు ఎదురుగా ఒకే నంబరు. ఆ రోజు ఆ గడి ఖాళీగా ఉంది.

"అరవై మూడు రాలేదేం?" గుమాస్తాను అడిగాడు.

"ఇక రారు సార్."

"ఎవరా మనిషి? పేరు చెప్పవయ్యా, కాళ్లయినా పట్టుకుంటాను."

గుమాస్తా పుస్తకం మూసేశాడు.

"పేరు చెప్పకూడదు సార్. రూలు రూలే."

అతను హాలు గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు.

"ఒక్క గంట ఉండండమ్మా. ఎవరైనా సరే."

"ఇంటి దగ్గర పనుంది సార్."

"మా పిల్లాడికి జ్వరం సార్."

ఒక్కొక్కరే మాస్కులు తీసి వెళ్లిపోయారు. ఆ రోజు అతను ఎనభై మొహాలూ చూశాడు, ఒక్కటి తప్ప.

లారీ గుమ్మంలో ఉంది. సంతకం లేనిదే కదలదు. వదిలేసి వెళితే ఉద్యోగం ఉండదు.

ఫోను మోగింది. బడి వాచ్‌మన్.

"గేటు వేసేశాను సార్. పాప బయట మెట్ల మీద కూర్చుంది. ఎంత సైగ చేసినా లోపలికి రావట్లేదు. మీరొచ్చే దారే చూస్తోంది."

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. అతనికి తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పేరు చెప్పకపోతే పోనీ, ఉత్తరం రాసిస్తాను, అదైనా అందించు," అన్నాడు గుమాస్తాతో. "ఏ వేళకి వీలైతే ఆ వేళకే రమ్మను. పొద్దున పదింటికొచ్చినా సరే."

కాగితం కోసం సొరుగు లాగాడు.

తెల్లకాగితాల మీద, పొద్దున తను చూడకుండా తోసేసిన ఇత్తడి టోకెను వెల్లకిలా పడి ఉంది: అరవై మూడు.