ఎడమ చెంప

కత్తి గొంతు దాకా వచ్చాక అడిగాడు సెలూన్ ఆయన.

"డాక్టరుగారూ, కంటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ మసకలొస్తాయేంటండీ?"

మొహం నిండా నురగతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్న కంటి డాక్టరుకి ఆ ప్రశ్న బొత్తిగా నచ్చలేదు. పదింటికి ఆయనకి సన్మానం. ఎప్పుడూ వెళ్లే షాపు మూసి ఉంటే, ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఈ 'బ్రదర్స్ సెలూన్'లో దూరాడు. మూలన తెల్లకోటులో ఇంకో మనిషి తువ్వాళ్లు మడతపెడుతుండగా చూశాడు గానీ, కళ్లద్దాలు తీశాక ఆయనకి మనిషికీ బీరువాకీ తేడా తెలియదు. లోకానికంతా చూపు ఇచ్చే మహానుభావుడి సంగతి అదీ!

"ఎవరికి మసకలు?"

"నాకేనండీ, ఇంకెవరికి? పోయినేడు మీరే చేశారుగా. ఎడమ కంట్లో జెల్లీ తీసేసి, గ్యాస్ నింపి, వారం రోజులు బోర్లా పడుకోమన్నారు. కుడి కన్ను మొదట్నించీ అంతంతమాత్రమే. గుర్తులేదా?"

డాక్టరు గుటక వేయబోయి, కత్తి ఎక్కడుందో గుర్తొచ్చి మానుకున్నాడు.

"నెలకి వంద కళ్లు చేస్తానయ్యా. మొహాలు గుర్తుండవు."

"ఎలా ఉంటాయిలెండి. మనిషంతా పచ్చగుడ్డ కప్పేసి కన్నొక్కటే చూస్తారాయె."

"ముందా కత్తి పక్కన పెట్టు. అంతా చెబుతా."

"నురగ ఆరిపోతుందండీ. మీరు చెబుతూ ఉండండి, నేను గీస్తూ ఉంటా."

కత్తి గొంతు మీంచి కుడి చెంప ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ చెవిని కూడా పలకరించింది.

"అబ్బా!"

"చెవాండీ? గడ్డమనుకున్నా."

డాక్టరు ఒక్క గుక్కలో చెప్పేశాడు. "అది శుక్లం! జెల్లీ తీశాక ఏడాది రెండేళ్లలో చాలామందికి వస్తుంది. నా తప్పూ కాదు, నీ తప్పూ కాదు. మసకబారిన లెన్సు తీసేసి కొత్తది పెడతాం. అరగంట పని. లోపల జెల్లీ లేదు కాబట్టి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాం, అంతే!"

"మళ్లీ బోర్లా పడుకోవాలా?"

"అక్కర్లేదు."

"అమ్మయ్య! క్రితంసారి వారం రోజులూ నేల మీద చీమలతో కాలక్షేపం. మరి మీవాళ్లేమో రెండు నెలల తర్వాత డేటు ఇచ్చారండీ. అప్పటిదాకా ఈ చేత్తో ఎన్ని పీకలు... అదే, ఎన్ని గడ్డాలు గీయాలో."

"లిస్టు ప్రకారమే వెళ్లాలి. నా చేతుల్లో ఏం లేదు."

"అలాగేనండీ. ఇంతకీ మీ మీసం ఎక్కడ మొదలవుతుంది?"

డాక్టరు గబుక్కున పై పెదవి బిగించాడు. అది ముప్పై ఏళ్లు పెంచిన మీసం. సన్మానం బ్యానరు మీద ఆయన కన్నా ముందు అదే కనిపిస్తుంది.

"రెండు వారాల్లో చూస్తా!"

"ఇదేనా మీసం?"

"వచ్చే వారం!"

"ఏదో మెత్తగా తగిలింది, పెదవాండీ?"

"రేపు! రేపు పొద్దున ఎనిమిదింటికి, మొదటి కేసు నీదే! కంటి కొలతలన్నీ ఇవాళే తీయిస్తా! ఫోనివ్వవయ్యా బాబూ!"

సెలూన్ ఆయన ఫోను కలిపి చేతికిచ్చి, "ఒక్క క్షణం, వేడినీళ్లు తెస్తా" అని వెళ్లాడు. కాసేపటికి కత్తి ఎడమ చెంప మీద వాలింది. డాక్టరుకి అటు ధ్యాసే లేదు. ఆస్పత్రి రిసెప్షన్ పిల్లతో పెద్ద యుద్ధమే నడుస్తోంది.

"రేపు కుదరదండీ. డాక్టరుగారే చెప్పాలి."

"నేనే డాక్టర్ని!"

"అందరూ అలాగే అంటారండీ."

మూడు నిమిషాలు అరిచి, జీతం ఇచ్చేది తానేనని గుర్తు చేశాక ఆ పిల్ల దారికొచ్చింది. "బ్రదర్స్ సెలూన్ అని రాసుకో, చాలు" అని ఫోను పెట్టేసి, మొహం తుడుచుకుని, కళ్లద్దాలు తగిలించుకుని అద్దంలో చూసుకున్నాడు డాక్టరు.

మీసం భద్రంగా ఉంది. కుడి చెంప మీద రెండుచోట్ల గాట్లు. ఎడమ చెంప మాత్రం పసిపిల్లాడి బుగ్గలా నిగనిగలాడుతోంది. వెనకాల ఇద్దరు తెల్లకోట్లవాళ్లు నిలబడి ఉన్నారు. అందులో చిన్నవాడు చేతులు జోడించాడు.

"క్షమించాలి డాక్టరుగారూ. నా కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. మీరు ఆపరేషన్ చేసింది మా అన్నయ్యకి. షాపు పెట్టిందీ ఆయనే, నన్ను పెంచిందీ ఆయనే. కత్తి పట్టకుండా రెండు నెలలు కూర్చోబెడితే దిగులుతోనే పోతాడండీ. అందుకే ఈ నాటకం."

"ఓరి నీ దుంప తెగ! కళ్లు కనిపిస్తూనే నా చెవి గీశావా?"

"నాటకంలో కొంత నిజం కూడా ఉండాలి కదండీ. నాకింకా పని సరిగ్గా రాదు."

డాక్టరు కోపంగా లేచాడు గానీ, పెద్దాయన మొహం చూశాక తిట్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ప్రాణాలు దక్కాయి, మీసం దక్కింది. ఇంకేం కావాలి?

"సర్లే, మాటిచ్చాను కాబట్టి రేపు తీసుకురా. ఏదైతేనేం, చూపున్నవాడి చేతిలోనే ఉంది కత్తి," అంటూ ఎడమ చెంప నిమురుకున్నాడు. "పని రాదంటావేంటి? ఇటు పక్క బ్రహ్మాండంగా గీశావు!"

"అది నేను కాదండీ, అన్నయ్య," అన్నాడు తమ్ముడు.

మెచ్చుకోలుకి పొంగిపోయిన అన్నయ్య వినయంగా ముందుకొచ్చి, కొక్కేనికి వేలాడుతున్న డాక్టరు కోటుకి వంగి నమస్కారం పెట్టాడు.