ఆమె బదులు మనిషి

"అక్కా, రెండోదీ అయిపోయింది. ఏమీ రాలేదు." బాత్‌రూమ్ లోపలి నుంచి చెల్లెలి గొంతు నీరసంగా వినిపించింది.

నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నర్సు, చెప్పులైనా విప్పకుండా తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"మొదటి ఎనీమా బయటికి రాకుండానే రెండోది ఎలా పెట్టుకున్నావే? ఆ మందు లోపలే ఉండిపోతే ఒంట్లో నీళ్లూ లవణాలూ తారుమారై గుండె మీదికొస్తుంది! గడియ తియ్యి, ఆసుపత్రికి వెళ్దాం."

"కాస్త కళ్లు తిరుగుతున్నాయి, అంతే. ఎనిమిదింటికి టోల్‌గేటు దగ్గరుండాలి. రోజూ పెట్టుకునేదే కదా."

"రోజూనా?"

"నాలుగు నెలలుగా. అది లేకపోతే కడుపు కదలడమే లేదు."

"నీళ్లు బాగా తాగమని చెప్పానుగా!"

"తాగితే లేవాల్సొస్తుంది. టోలు వసూలు చేసే ఆ డబ్బాలో నా బదులు ఎవరు కూర్చుంటారు? పొద్దున కూర్చుంటే మళ్లీ సాయంత్రమే లేవడం. బిగబట్టీ బిగబట్టీ ఇలా అయింది."

ఇన్నాళ్లూ నర్సు చెల్లెలి తిండినీ బద్ధకాన్నీ తిట్టిపోసిందే గానీ, ఆ అద్దాల గదిలో ఆమెకి రోజు ఎలా గడుస్తోందో ఒక్కసారీ అడగలేదు.

బయట ఛార్జింగ్‌లో ఉన్న చెల్లెలి ఫోన్ తీసి, సూపర్‌వైజర్‌కి కలిపి, స్పీకర్‌లో పెట్టింది.

"మా చెల్లి ఇవాళ రాదండీ. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

"ఇప్పటికిప్పుడు ఆమె బదులు ఎవర్ని కూర్చోబెట్టమంటారు?"

"మొదట్నుంచీ పెట్టాల్సిన రెండో మనిషిని."

గడియ తీసిన చప్పుడైంది. గోడ పట్టుకుని బయటికొచ్చిన చెల్లెలు అక్క భుజం మీద వాలిపోయింది.