సుంకులు ఎడమకాలు

ఆటలు లేని రెండు నెలల్లో ఫుట్‌బాల్ జట్లు ఇప్పుడు మనుషుల్ని కాదు, వాళ్ళ ఒంటికి అబ్బిన విద్యను మార్చుకుంటున్నాయి. అనంతపురం జట్టు మా మనవరాలు సుంకులు ఎడమకాలి విద్యను కొచ్చికి ఇచ్చి, అక్కడి గోల్‌కీపర్ చేతుల విద్య తెచ్చుకుంది. విద్యతో పాటు ఆ కాలి నడకా పోయింది.

"ఈ మార్పిడిలో నా కాలికి టీవీవోళ్ళు పదికి తొమ్మిదేసినారు చూడవ్వా," అంది సుంకులు, గోడ పట్టుకుని టీవీ చూస్తూ.

"ఆ మార్కులేసినోళ్ళనే వచ్చి నిన్ను బాత్రూముకు నడిపించమను," అన్నాను.

దాని తొలి అడుగులప్పుడు అరిసెలు చేసి, వాటి మీద నడిపించి, వీధంతా పంచాను. ఇరవై రెండేళ్ళకు మళ్ళీ చేశాను. రెండో అరిసె మీదే కూలబడింది.

అప్పుడే టీవీలో చూపిన ప్రాక్టీసు ఆటలో, సుంకులు విద్య అందుకున్న కొచ్చి పిల్ల ఎడమ మడమ కాస్త ఈడ్చి గోలు కొట్టింది. నా వేలు పట్టుకున్ననాడు సుంకులు అట్లాగే ఈడ్చేది.

మార్కులు పదికి పెంచారు.