కోదండపాణి వినని జాజ్

కోదండపాణికి నల్గొండలో నచ్చినది ఒక్కటీ లేదు. రెండు రాష్ట్రాలూ కలిసిన కొత్తలో కోస్తా నుంచి సూపరింటెండెంటుగా వచ్చాడు. ఎండ నచ్చలేదు, నీళ్లు నచ్చలేదు, మనుషుల మాట అసలే నచ్చలేదు. ఆ సంగతి ఆఫీసులో రోజుకోసారి చెప్పకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు.

రూళ్లంటే మహా పట్టుదల. సర్కారు జీతం తినేవాడు పైసంపాదనకు పోకూడదు. సాయంత్రాలు గడియారాలు బాగుచేస్తున్నాడని భిక్షం అనే గుమాస్తా ఉద్యోగం ఊడగొట్టించి, వారం రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

ఒకరోజు చప్రాసీ ఎల్లేశం అత్తకు జబ్బని సెలవు పెట్టాడు. మంచినీళ్లు తానే ముంచుకుని, రేడియో తానే తిప్పుకుంటూ కోదండపాణి తిట్టుకుంటున్నాడు. ఇంతలో హైదరాబాదు స్టేషను నుంచి జాజ్ మొదలైంది. మద్రాసు హోటళ్లలో జాజ్ విన్న చెవులాయనవి. అలాంటి మనిషి ఆ సాక్సోఫోన్‌కి కాఫీ తాగడం మరిచిపోయాడు. కళ్లు చెమర్చాయి కూడా. చివర్లో, వాయించినది నల్గొండ యోహాను బృందమని చెప్పారు.

కోదండపాణికి తల కొట్టేసినట్లయింది. ఈ ఊళ్లోనా? పెళ్లిళ్లకు బాజాలు ఊదుకునేవాళ్లా? అయినా మనసు ఊరుకోలేదు. బదిలీ అయ్యేలోగా ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలనుకున్నాడు.

మిషన్ స్కూలు వార్షికోత్సవానికి వెళ్లాడు. ఆ ఊరి బెంచీల మీద కూర్చోవడం నామోషీ కనుక ఎల్లేశం చేత మడత కుర్చీ, మరచెంబు మోయించుకుని వెళ్లి ముందు వరుసలో దిగాడు. బ్యాండు మాస్టరు యోహాను ఆయన వైపు చూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

“మా బూరాయన రాలే. గీసారికి మాఫ్ చేయుండ్రి. ఆయన లేకుంటే గది జాజ్ గాదు.”

రెండు కవాతు పాటలు డప్పుల మీద లాగించి దిగిపోయారు.

దేవరకొండలో పెళ్లికి బస్సెక్కి మరీ వెళ్లాడు. అక్కడా బూరాయన రాలేదు. షాద్‌నగర్‌లో బియ్యం మిల్లు ప్రారంభమంటే అక్కడికీ కుర్చీ, చెంబు, ఎల్లేశం తరలివెళ్లారు. అక్కడా అదే పాట. సంగతి తెలిసిన శ్రోతను చూసి వెధవలకు గుండెలు జారిపోతున్నాయని కోదండపాణి తేల్చేశాడు. తిరుగుదారిలో బస్సులో ఎల్లేశానికి ఆ మాటే పదిసార్లు చెప్పాడు. ఎల్లేశం పదిసార్లూ తల ఊపాడు.

ఊళ్లో క్లబ్బులో వాయించిన రోజున మాత్రం ఆయనకు చలిజ్వరం. ఎల్లేశాన్ని ఇంటికి పొమ్మని ముసుగు తన్నాడు. మర్నాడు ఆఫీసంతా ఆ బూర గురించే చెప్పుకుంటున్నారు. గుమాస్తా సాయిలైతే ఫైలు మీద వేళ్లతో ఆ తాళమే వేస్తున్నాడు. ఎవరా మనిషని అడిగితే, ఏమో తెలియదని అందరూ ఫైళ్లలో తలలు దూర్చారు. ఈ జిల్లా వాళ్లకు ఏం తెలిసి ఏడిచింది కనుక అని ఆయన విసుక్కున్నాడు.

చివరికి బదిలీ ఆర్డరు వచ్చింది. ఛార్జి అప్పగించాడు. ఇక ఆ ఆఫీసులో ఆయన మాటకు కాణీ విలువ లేదు. బస్‌స్టాండుకు సాగనంపడానికి నలుగురు వచ్చారు, అదీ మొహమాటానికి. ఎల్లేశం సామాను బస్సు మీదికి ఎక్కించి దిగాడు. ఆ పక్కనుంచే యోహాను పోతూ కనిపించాడు. కిటికీలోంచి చూసి కోదండపాణి ఉండబట్టలేకపోయాడు. వినకుండానే వెళ్లిపోతున్నందుకు నిజంగా కడుపు మండిపోయింది.

“ఏమయ్యా, ఊరూరా తిరిగాను మీకోసం. ఒక్కసారైనా రావడానికి ఏం రోగం మీ ఘనుడికి?”

బస్సు కదిలింది. యోహాను ఒకసారి పైకి, ఆ సామాను వైపు చూసి, కిటికీ పక్కన నడుస్తూ నెమ్మదిగా చెప్పాడు.

“ప్రతిపారి వచ్చిండు సార్, మీ కుర్చీ మోసుకుంట మీ ఎంబడే వచ్చిండు.”