అల్లుడికిచ్చిన బండి

నాయన బండిని బావ తీసుకుపోతుంటే రోహిత్ గడప దాటి బయటికి రాలేదు. కిటికీలోంచి చూశాడు. చూడకూడదనే అనుకున్నాడు గానీ చేతకాలేదు.

అది పాత యెజ్డి మోటార్‌సైకిల్. నాలుగేళ్ల కిందట హిందూపురంలో పాత ఇనుము అంగట్లో తుప్పు పట్టి పడి ఉంటే నాయన ఓబుళప్ప ధర్మవరానికి మోసుకొచ్చాడు. ఇంట్లో మగ్గం చప్పుడు చాలదా అని అమ్మ గోవిందమ్మ సణిగింది. తండ్రీ కొడుకులు వింటేగా? మగ్గం దిగగానే నాయన, కాలేజీ నుంచి రాగానే రోహిత్, ఇద్దరూ దానిమీదే పడేవాళ్లు. సామాన్ల కోసం బెంగుళూరు దాకా పోయొచ్చారు. రెండేళ్ల తర్వాత అది మొదటిసారి స్టార్టయిన రోజు ఓబుళప్ప కళ్లు తుడుచుకున్నాడు. ఆ మర్నాటి నుంచి పట్టుగుడ్డ ముక్కతో దాన్ని తుడవనిదే ఆయన కాఫీ ముట్టేవాడు కాదు.

అలాంటి బండిని అల్లుడికి ఇచ్చేశాడు.

కారణం మోకాలట. నెల కిందట గోరంట్ల నుంచి వస్తూ ఇద్దరూ పడ్డారు. నడుపుతున్నది రోహితే. ఎండకు కళ్లు తిరిగాయి, అంతవరకే గుర్తు. పుట్టపర్తి ఆస్పత్రిలో ఇద్దరికీ పరీక్షలు చేశారు. రోహిత్‌కి రక్తం తక్కువుందని బిళ్లలు రాశారట. ఓబుళప్పకు మాత్రం మోకాలు దెబ్బతినిందని, ఇక కిక్కు కొట్టే బండి జోలికి పోవద్దని చెప్పారట.

"నేను లేనా నాయనా? నేను నడుపుతా, నువ్వు ఎనకాల కూచో" అన్నాడు రోహిత్.

"కండ్లెదురుగా ఉంటే నా కాలు ఊరికే ఉండదురా. ఇంట్లోనే ఉండకూడదు అది" అన్నాడు ఓబుళప్ప.

ఇంట్లో ఉండకూడదు సరే, అల్లుడింట్లో ఉండొచ్చా? ఆ అల్లుడు దుర్గాప్రసాద్‌కి పెనుకొండలో ఎరువుల అంగడి. స్పానరేదో పట్టకారేదో తెలియని మనిషి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఈయనకు కొడుకుకంటే అల్లుడు రుచైపోయాడు. తను ఒక్కసారి పడేసినందుకే నాయనకు తనమీద నమ్మకం పోయిందని రోహిత్ తేల్చుకున్నాడు.

నాలుగు రోజులకే బావ స్టేటస్‌లో ఫోటో పెట్టాడు. బండి మీద బావ, వెనక అక్క అర్చన, వాళ్ల వెనక పెనుకొండ కొండ. అక్క కూర్చున్న సీటు రోహిత్ దగ్గరుండి కుట్టించింది. ఆ ఫోటో తీసి చూడటం, ఫోన్ మంచంమీద విసిరికొట్టడం, మళ్లీ తీసి చూడటం. ఆ పూటంతా ఇదే పని. అన్నం కూడా సరిగ్గా సయించలేదు.

ఇక ఉండబట్టలేక, అక్కను చూసొస్తానని చెప్పి పెనుకొండ రైలెక్కాడు.

బండి వాకిట్లోనే ఉంది. ట్యాంకు మీద వేలితో గీస్తే చార పడేంత దుమ్ము. ఒక్క రౌండు వేసొస్తా తాళమివ్వమన్నాడు రోహిత్. బావ అక్క ముఖం చూశాడు. పెట్రోలు లేదన్నాడు. రోహిత్ బండి పట్టి ఊపితే లోపల పెట్రోలు గలగలమంది.

బావ నవ్వబోయి మానుకున్నాడు. "ఎనకాల కూచో రోహితూ. యాడికి పోవాల్నో చెప్పు, నేనే తిప్పుకొస్తా" అన్నాడు.

తను బతికించిన బండికి తను వెనకసీటు మనిషి! ఒళ్లు భగ్గున మండింది. అక్కైనా తనవైపు మాట్లాడుతుందనుకున్నాడు. ఆమె తలకాయ వంచుకొని రోహిత్‌ను స్టేషనుకు పంపడానికి ఆటోకి ఫోన్ చేసింది.

ధర్మవరంలో రైలు దిగి ఇంటికొచ్చేసరికి మగ్గం ఆడుతోంది. ఓబుళప్ప మగ్గం గుంతలోకి కాళ్లు దించుకొని కింది చెక్కలను ఒకటి విడిచి ఒకటి తొక్కుతున్నాడు. రోజూ చూసేదే. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు? ఆ పూట మాత్రం రోహిత్ గుమ్మంలోనే నిలబడిపోయి చూశాడు. కుడికాలు దిగింది, లేచింది, మళ్లీ దిగింది. ఆయన ముఖంలో నొప్పన్నదే లేదు.

"నీ కాలికి ఏం కాలేదు గదా నాయనా?"

మగ్గం ఆగింది.

"దినమంతా మగ్గం తొక్కేటోనివి ఒక్క కిక్కు కొట్టలేవా? బండి నాకు దక్కకుండా చేయనీకే గదా ఈ నాటకమంతా? కడుపున పుట్టినోనికంటే కూతుర్నిచ్చినోడు ఎక్కువైనాడా నీకు?"

ఓబుళప్ప నేసిన పట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిమిరాడు. కొడుకు వైపు చూడలేదు.

"అవునురా. అల్లుడే ఎక్కువనుకో" అన్నాడు.

ఆ మాట నాయన నోటితోనే అనిపించాలని రోహిత్ రైల్లో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు. తీరా అనేసరికి వాకిలి వైపు తిరిగాడు.

"ఐతే రేపే హిందూపురం పోతా. నీ బండికంటే పెద్ద బండి తెచ్చుకుంటా. ఎవురు ఆపుతారో చూస్తా" అన్నాడు.

గోవిందమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఒక చేతిలో పాలగ్లాసు, ఇంకో అరచేతిలో బిళ్ల. వద్దన్నట్టు ఓబుళప్ప తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆమె ఆయన్ను చూడలేదు. కొడుకు చేతిని తీసుకొని అందులో బిళ్ల పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది రక్తానికి బిళ్ల కాదప్పా, ఆ పొద్దు గోరంట్ల దావలో బండి మీద నీకొచ్చిన మూర్ఛకు."