నల్ల బంపరు

కారు అద్దం ఆ రోజు కూడా పైకి తిరిగి ఉంది.

తిప్పిన మనిషి మాత్రం ఈసారి దొరికింది.

గేటు పక్కన చేపల గంప. అద్దంలోకి చూస్తూ పాపిడి తీసుకుంటున్న ఒక నడివయసు మనిషి. బొడ్డులో దోపుకున్న చిన్న నూనెసీసా.

"ఎవరమ్మా నువ్వు? నా కారు అద్దంతో నీకేం పని?" అంది కామేశ్వరి.

"పైడమ్మనమ్మా. అక్కుపల్లి మాది. సేపలమ్ముకుంటాను. తొలి బస్సు గాలికి నా తల దెయ్యం తలైపోతాది. దెయ్యం కాడ సేపలెవులు కొంతారు?"

"మీ ఇంట్లో అద్దం లేదా?"

"ఉందమ్మా. దాని ముందర మా కోడలుంది."

కామేశ్వరికి నవ్వొచ్చింది. పైకి రానివ్వలేదు.

"నువ్వు అద్దం తిప్పేసి పోతే, నాకు వెనకొచ్చే లారీ కనపడదు. ఇంకెప్పుడూ ముట్టుకోకు."

పైడమ్మ, ఆసరాకు కాబోలు, బంపరు వైపు చాచిన నూనె చేతిని వెనక్కి తీసుకుంది.

"అలాగేనమ్మా" అని గంప ఎత్తుకుంది.

ఆ సాయంత్రం నుంచి కామేశ్వరి అద్దానికి మొగుడి పాత మేజోడు తొడగడం మొదలుపెట్టింది. పైడమ్మ మళ్లీ ఆ వీధిలో కనిపించలేదు.

పాతదైనా ఆ కారంటే కామేశ్వరికి ప్రాణం. పలాసలో తమ వీధిలో కారు నేర్చుకున్న ఆడది తనొక్కతే. ఎవరినీ అడగకుండా సముద్రం దాకా వెళ్లి రాగలిగేది దాని వల్లే.

మొగుడు మనోహర్‌కేమో దాన్ని అమ్మేసి మోటారుసైకిలు కొనాలని.

"బంపరు తెల్లబడిన రోజున అమ్ముదురుగాని" అని ఎప్పుడో పందెం కట్టింది.

ధైర్యం ఉండే కట్టింది. ఉప్పుగాలికీ ఎండకీ ఊళ్లో కార్ల నల్ల ప్లాస్టిక్ బంపర్లన్నీ బూడిదరంగుకి తిరిగినా, తన కారుది కొత్తదానిలా నిగనిగలాడేది. ఆదివారం వస్తే పాత టూత్ బ్రష్షుతో గీతల్లో మట్టి తీసి, ఆరాక విశాఖపట్నం నుంచి తెప్పించిన క్రీము స్పాంజితో పట్టించేది. తలుపుల రబ్బర్లకీ అదే మర్యాద.

ఆ క్రీము మహిమ గురించి వినని చుట్టాలు లేరు.

అలాంటిది వేసవి దాటేసరికి బంపరు పాలిపోయింది. రబ్బర్లు బిరుసెక్కాయి. క్రీము రెండు పూతలు వేసినా రెండో రోజుకే మళ్లీ తెల్లన.

"బంపరుకి విభూతి పెట్టావేం?" అన్నాడు మనోహర్. "ఆదివారం టెక్కలి నుంచి బేరగాడు వస్తాడు."

కామేశ్వరికి అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే పక్క వీధిలో భాగ్యలక్ష్మి ఇంటి ముందు ఆగిపోయింది. నిన్నమొన్నటి దాకా బూడిదగుమ్మడిలా ఉన్న వాళ్ల కారు బంపరు నల్లగా మెరుస్తోంది.

"ఏం క్రీము వదినా?"

"క్రీమా? నేను కడగనైనా కడగను. రోజూ పొద్దున్నే ఒక చేపలామె వచ్చి మా అద్దంలో తల దువ్వుకుంటుంది. పోతూపోతూ నూనె చెయ్యి బంపరుకీ రబ్బర్లకీ తుడిచి పోతుంది. పోనీలే అని ఊరుకుంటున్నాను."

కామేశ్వరికి తన క్రీము డబ్బా గుర్తొచ్చింది.

కొబ్బరినూనె తన ఇంట్లోనూ ఉంది. తను రాసుకోలేకా కాదు. కానీ ఆ మేజోడు సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది.

తెల్లవారి మేజోడు చేత్తో పట్టుకుని వీధి మలుపులో నిలబడింది.

"పైడమ్మా, మా అద్దానికి ముసుగు తీసేశాను. రా."

పైడమ్మ మేజోడు వంక చూసి పకపకా నవ్వింది.

"ఆ అమ్మగోరి అద్దం మానేత్తే బాగోదమ్మా. ఒక పని సేత్తాను. పాపిడి అక్కడ తీసుకుంటాను, ముడి మీకాడ ఎట్టుకుంటాను."

అన్నట్టే వచ్చింది. అద్దం తిప్పుకుని ముడి వేసుకుంది. అద్దాన్ని జాగ్రత్తగా మళ్లీ మొదటిలాగే తిప్పి పెట్టింది.

తర్వాత సీసా మళ్లీ తీసింది. అరచేతి నిండా కొత్తగా నూనె పోసుకుని, బంపరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తాపీగా రుద్దింది. తలుపు రబ్బర్లూ వదల్లేదు.

కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ మనోహర్ కళ్లముందే బంపరు నల్లబడింది.

"సరే, బేరగాణ్ని రావద్దంటాలే" అని లోపలికి వెళ్లిపోయాడు.

కామేశ్వరి మాత్రం ఆ అరచేతినే చూస్తోంది. అది తలకు రాయగా మిగిలిన నూనె కాదు.

"ఇంత నూనె బంపరుకెందుకు పైడమ్మా?"

గంప నెత్తికెత్తుకుంటూ పైడమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"ఒకరి అద్దం ఊరికే ఎలా సూసుకుంటామమ్మా?"